మందారం జిగురు నీళ్ళకే, నూనెకు కాదు

ఈసారి వచ్చిన ఉత్తరాలు ఎక్కువగా మందారం, కుంకుడు, గోరింటాకు చుట్టూనే తిరిగాయి. నాకు చాలా సంతోషంగా ఉంది. ముప్పై రెండేళ్ళు బడిలో జీవశాస్త్రం చెప్పాను. పువ్వు భాగాల పాఠం వచ్చిందంటే బల్ల మీద మందారమే ఉండేది. రక్షకపత్రాలు, రేకులు, మధ్యలో గొట్టంలా పొడుచుకొచ్చిన కేసరాలు, అన్నీ పిల్లల కంటికి ఆనేంత పెద్దవి. పాఠం అయ్యాక వేళ్ళకు అంటిన జిగురు చూసి ఆడపిల్లలు జడ కొసలకు రాసుకునేవాళ్ళు. ఎవరూ చెప్పకపోయినా అసలు సంగతి వాళ్ళు పట్టుకున్నారు.

*

ప్రశ్న: అమ్మా, నమస్కారం. పాతిక ఎర్ర మందారాలు కోసి అరలీటరు కొబ్బరినూనెలో కాచాను. నూనె ఎర్రగా వస్తుందనుకున్నాను, రాలేదు. రాసుకుంటే జుట్టుకు ప్రత్యేకమైన మెత్తదనమేమీ రాలేదు. మూడు వారాలకే సీసా అడుగున తెల్లగా ఏదో పేరుకుని ముక్కవాసన కొట్టింది. ఎక్కడ తప్పు చేశాను?

జవాబు: మీరు కోరుకున్నవి రెండూ నూనెలోకి దిగేవి కావమ్మా. మందారం ఎరుపు ఆంథోసయనిన్ అనే రంగుల వల్ల వస్తుంది. అవి నీళ్ళలో కరుగుతాయి, నూనెలో కరగవు. జిగురు సంగతీ అంతే. అది చక్కెర అణువులు గొలుసులుగా అల్లుకున్న పదార్థం. నీళ్ళు తగిలితేనే పీల్చుకుని ఉబ్బి జారుగా అవుతుంది. కాగే నూనెలో అది రేకుల్లోనే ఎండి మాడిపోతుంది. అదే మీరు ఆకులు వేసి ఉంటే నూనె ఆకుపచ్చగా తిరిగేది, ఎందుకంటే ఆకుల్లోని పత్రహరితం కొవ్వులో కరుగుతుంది. ఎర్రటి తలనూనె ఎక్కడైనా కనిపిస్తే ఆ ఎరుపు మందారానిది కాదని గుర్తుపెట్టుకోండి. రతన్‌జోత్ వేరుదో, కలిపిన రంగుదో అయి ఉంటుంది.

వాసనకు కారణం తడి. కడిగిన పువ్వులు కడిగినట్టే వేసి ఉంటారు. లోపలి నీరు పూర్తిగా పోకముందే దించేస్తే, చల్లారాక అది నూనె కన్నా బరువు కాబట్టి అడుగుకు చేరుతుంది. రేకుల నలుసులూ అక్కడే చేరతాయి. తడీ నలుసులూ కలిసిన చోట బూజు మొదలవుతుంది. ఆ నూనె తలకు పెట్టకండి, పారబోయండి. మళ్ళీ కాచేటప్పుడు రేకుల్నీ ఆకుల్నీ నీడలో గలగలలాడేదాకా ఆరబెట్టండి. సన్నని సెగ మీద పెట్టి, బుడగలు రావడం ఆగేదాకా ఉంచండి. బుడగలు వస్తున్నాయంటే ఇంకా నీరు ఉన్నట్టే. పొడి గుడ్డతో వడగట్టి పొడి సీసాలో పోయండి.

కానీ నన్నడిగితే నూనె నూనే, మందారం మందారమే. రెంటినీ కలపాలని ఎందుకు పట్టు? కొబ్బరినూనె ఒక్కటే తలంటుకు రెండు మూడు గంటల ముందు రాసుకోండి. కొబ్బరి, పొద్దుతిరుగుడు, ఖనిజ నూనెల్ని పోల్చి చూసిన ఒక పరిశోధన 2003లో వచ్చింది. వాటిలో వెంట్రుక నుంచి మాంసకృత్తులు కొట్టుకుపోవడాన్ని బాగా తగ్గించింది కొబ్బరినూనె ఒక్కటే. దాంట్లో ఎక్కువగా ఉండే లారిక్ ఆమ్లం అణువులు చిన్నవి, తిన్ననివి. అందుకే అవి వెంట్రుక లోపలికి చొరబడగలవు.

తలంటు అయ్యాక మందారం వంతు. నేను చేసే పద్ధతి చెబుతాను. గుప్పెడు ఆకులు, మరీ లేతవి కాకుండా మరీ ముదురువి కాకుండా, శుభ్రంగా కడిగి రెండు గ్లాసుల నీళ్ళలో వేసి చేత్తో పిసుకుతాను. రోట్లో నూరను, మిక్సీ పట్టను. పిసికితే జిగురు నీళ్ళలోకి వస్తుంది, పిప్పి చేతిలో మిగులుతుంది. అయిదు నిమిషాల్లో నీళ్ళు తీగ సాగుతాయి. పల్చటి గుడ్డలో పిండి, తడి జుట్టుకు చెవుల దగ్గర్నుంచి కొసల దాకా పట్టిస్తాను. పెద్ద పళ్ళ దువ్వెనతో చిక్కు తీస్తూ పావుగంట ఉంచి కడిగేస్తాను. ఆరనివ్వకూడదు. ఆరితే అట్టకట్టి, కడిగేటప్పుడు వెంట్రుకలు తెగుతాయి. ఏ పూటకాపూటే చేసుకోవాలి, నిలవ పెడితే పులుస్తుంది.

పువ్వులతో చేసుకోవాలంటే రేకులు మాత్రమే తీసుకోండి. మధ్య గొట్టం, పుప్పొడి తీసెయ్యండి. అందులో చీమలుంటాయి, పైగా పుప్పొడి కొందరికి తుమ్ములు తెప్పిస్తుంది. అయినా జిగురుకు నా ఓటు ఆకుకే. పువ్వు చెట్టు మీద ఒక్కరోజు ఉంటుంది, ఉండనివ్వండి.

*

ప్రశ్న: మందారం పొడి ప్యాకెట్టు తెచ్చాను. నీళ్ళలో కలిపితే జిగురు రావడం లేదు, పుల్లటి వాసన వస్తోంది. కల్తీయా?

జవాబు: కల్తీ కాకపోవచ్చు, వేరే మొక్క అయి ఉంటుంది. ప్యాకెట్టు వెనక శాస్త్రీయ నామం చూడండి. మన మందారం 'హైబిస్కస్ రోజా-సైనెన్సిస్'. 'హైబిస్కస్ సబ్దారిఫా' అని ఉంటే అది టీ కాచుకునే రకం. పువ్వు రాలాక కాయ చుట్టూ మిగిలే ఎర్రటి పుల్లని తొడుగుల్ని ఎండబెట్టి పొడి చేస్తారు. రెండూ ఒకే ప్రజాతి కావడంతో పైన 'హైబిస్కస్' అని ఒకే పేరు వేస్తారు. దాన్ని కాచుకుని తాగండి. తలకు పచ్చి ఆకే వాడుకోండి.

*

ప్రశ్న: మేడమ్, నాకు బాబు పుట్టి నాలుగో నెల. దువ్వితే గుప్పెళ్ళతో జుట్టు వస్తోంది. ప్రతి వెంట్రుక చివరా తెల్లగా చిన్న బుడిపె ఉంటోంది, కుదురుతో సహా ఊడిపోతున్నట్టుంది. రోజూ ఏడుపొస్తోంది. మందారం, గుంటగలగర, మెంతులు వీటిలో ఏది రాస్తే ఆగుతుంది?

జవాబు: ముందు ఆ తెల్ల బుడిపె గురించి భయం వదిలెయ్యి తల్లీ. అది కుదురు కాదు. పెరగడం ముగించుకుని విశ్రాంతిలోకి వెళ్ళిన వెంట్రుక మొదలు అలాగే గుండ్రంగా ఉంటుంది. అసలు కుదురు చర్మం లోపలే ఉంది, మళ్ళీ మొలకెత్తుతుంది.

కడుపుతో ఉన్నప్పుడు హార్మోన్ల వల్ల మామూలుగా రాలాల్సిన వెంట్రుకలు కూడా రాలకుండా ఆగుతాయి. అందుకే ఆ నెలల్లో నీ జడ ఒత్తుగా ఉండి ఉంటుంది. కాన్పు కాగానే అవన్నీ ఒక్కసారే విశ్రాంతికి వెళ్ళి, రెండు మూడు నెలల తర్వాత కలిసికట్టుగా రాలతాయి. ఎవరికైనా రోజుకు యాభై నుంచి వంద వెంట్రుకలు రాలడం సహజం. ఇప్పుడు నీకు పాత బాకీ కూడా కలిసి రాలుతోంది. చాలామందికి బిడ్డ పుట్టినరోజు వచ్చేలోపు ఇది సర్దుకుంటుంది.

ఏది రాస్తే ఆగుతుందని అడిగావు. నా సంగతి చెబుతాను. ముప్పై ఎనిమిదో ఏట నాకు టైఫాయిడ్ వచ్చింది. జ్వరం తగ్గిన మూడో నెలలో జుట్టు రాలడం మొదలైంది. రోజు విడిచి రోజు మందారాకు పట్టించాను. ఆరో నెలకు ఆగింది, నుదుటి మీద పిల్లవెంట్రుకలు లేచాయి. మందారమే నిలబెట్టిందని స్టాఫ్‌రూములో అందరికీ చెప్పాను. అప్పుడు మా లెక్కల టీచరు మెల్లగా అంది: "నాకూ నీతోపాటే జ్వరం వచ్చింది కదా. నేనేమీ రాయలేదు. నాకూ అదే నెలలో ఆగింది." ఇద్దరం అద్దం ముందు నిలబడి చూసుకున్నాం. ఆవిడ నుదుటి మీద నా అంత పిల్లవెంట్రుకలే ఉన్నాయి. పిల్లలకు ప్రయోగం చెప్పేటప్పుడు పోల్చి చూడటానికి ఏమీ చెయ్యని గిన్నె ఒకటి పక్కన పెట్టాలని ఏటేటా చెప్పినదాన్ని, నా తల విషయంలో ఆ గిన్నె పెట్టలేదు.

మందారం ఆకు, పువ్వు సారాల్ని ఎలుకల మీద పరీక్షించి, వెంట్రుకలు బాగా పెరిగాయని, పువ్వు కన్నా ఆకు మెరుగని చెప్పిన పరిశోధన ఒకటి 2003లోనే వచ్చింది. అది పెట్రోలియం ఈథర్ అనే ద్రావణితో తీసిన సారం. మనం నీళ్ళలో పిసికేది వేరు, మన మాడు ఎలుక చర్మం కాదు. అందుకని 'రాలడం ఆగుతుంది' అన్న మాట నీకు ఇవ్వలేను.

కానీ మందారాకు పెట్టుకో. చిక్కు పడకుండా ఉంటే తెగిపోయే వెంట్రుకలైనా తగ్గుతాయి, ఆ పావుగంట నీకు కాస్త హాయిగానూ ఉంటుంది. జడ బిగించి వెయ్యకు. డాక్టరుగారినడిగి హీమోగ్లోబిన్, ఫెర్రిటిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకో. బాలింతల్లో ఇనుము తక్కువైనా, థైరాయిడ్ అటూఇటూ అయినా రాలడం సాగుతూనే ఉంటుంది, దానికి ఆకులు చాలవు. ఏడుపు రోజూ వస్తోందని రాశావు. అది జుట్టు కోసమే కాకపోవచ్చు. ఆ మాట కూడా డాక్టరుగారికి దాచకుండా చెప్పు.

*

ప్రశ్న: ఆంటీ, నాకు ఇరవై నాలుగు. నుదుటికి రెండు వైపులా జుట్టు వెనక్కి పోతోంది. మా నాన్నగారికీ బట్టతలే. మూడు నెలలుగా మందారం పేస్టు రాస్తున్నాను. ఇంకెన్నాళ్ళు రాయాలి?

జవాబు: ఆపెయ్యి బాబూ. నీకొచ్చింది వంశపారంపర్యంగా వచ్చే బట్టతల. డీహెచ్‌టీ అనే హార్మోనుకు అక్కడి కుదుళ్ళు లొంగిపోయి ఏటికేడు సన్నబడతాయి. పైన రాసే ఆకు అక్కడిదాకా చేరదు. దీనికి పనిచేస్తుందని రుజువైన మందులు ఉన్నాయి. తలకు రాసే మినాక్సిడిల్‌కు అమెరికాలో 1988లోనే అనుమతి వచ్చింది. మింగే ఫినాస్టరైడ్ డాక్టరు చీటీ మీదే వాడాలి, దుష్ప్రభావాలు అడిగి తెలుసుకోవాలి. మినాక్సిడిల్ మొదలుపెట్టిన కొత్తల్లో కాస్త ఎక్కువ రాలవచ్చు, బెదిరి మానకు. ఫలితం కనిపించడానికి నాలుగైదు నెలలు పడుతుంది. మానేస్తే వచ్చింది పోతుంది. ఉన్న జుట్టును నిలబెట్టుకోవడం సులువు, పోయినదాన్ని తెచ్చుకోవడం కష్టం. అందుకే ఈ వారంలోనే చర్మవైద్యుణ్ణి కలువు.

*

ప్రశ్న: మా పాపకు ఆరేళ్ళు. తల మీద రూపాయి బిళ్ళంత మేర జుట్టు పోయింది. పేనుకొరుకుడు అంటున్నారు. మందార పువ్వు రుద్దమని ఒకరు, ఉల్లిపాయ రుద్దమని ఒకరు చెబుతున్నారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: ఏదీ రుద్దకండి. రేపే డాక్టరుకు చూపించండి.

పేనుకొరుకుడు అని పేరే గానీ దాన్ని ఏ పేనూ కొరకదు. శరీరంలోని రక్షణ వ్యవస్థ పొరపాటున సొంత కుదుళ్ళ మీదే తిరగబడితే అలా గుండ్రంగా ఊడుతుంది. అక్కడ చర్మం నున్నగా, మామూలు రంగులో ఉంటుంది. చిన్న మచ్చ అయితే చాలామందిలో దానంతటదే మొలుస్తుంది కూడా. ఏ ఆకు రాసినా తగ్గిందనిపించేది అందుకే.

పిల్లల్లో ఇంకొకటి అచ్చం ఇలాగే మొదలవుతుంది. అది తలకు వచ్చే తామర, బూజుజాతి జబ్బు. అక్కడ పొట్టు రేగుతుంది, దురద పెడుతుంది, వెంట్రుకలు మొదలు దగ్గరే తెగి నల్ల చుక్కల్లా కనిపిస్తాయి. పైపూత మందుతో అది పోదు, కొన్ని వారాలపాటు లోపలికి మందు వాడాల్సిందే. దువ్వెన, టోపీ, తలగడ ద్వారా మిగతా పిల్లలకూ అంటుతుంది.

ఈ తేడా నాకు తెలియక మా అన్నయ్య మనవడికి పేనుకొరుకుడని నేనే చెప్పాను. ఆరు వారాలు నా చేత్తో ఆకు నూరి పెట్టాను. మచ్చ వాచి, చీము పట్టాక గానీ ఆసుపత్రికి తీసుకెళ్ళలేదు. మాత్రలతో తగ్గింది. అయితే బొటనవేలంత మేర కుదుళ్ళు చచ్చిపోయి అక్కడ ఇక జుట్టు రాలేదు. వాడు ఇప్పుడు కాలేజీలో చదువుతున్నాడు. పాపిడి పక్కకు తీసి ఆ చోటు కప్పుకుంటాడు. నన్ను ఒక్క మాట అనలేదు. వాడు తల దువ్వుకునేటప్పుడు మాత్రం నేను అటు చూడలేను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

*

ప్రశ్న: చుండ్రు ఉంది. నూనె బాగా పట్టిస్తే పొట్టు అణుగుతోంది, రెండు రోజులకు రెట్టింపవుతోంది.

జవాబు: అణగడం లేదండీ, నూనెకు అంటుకుని కనబడకుండా ఉంటోంది. మాడు మీద మలసీజియా అనే ఈస్టు అందరికీ ఉంటుంది. అది కొవ్వు తిని బతుకుతుంది. మీరు పట్టించే నూనె దానికి విందు. కొన్నాళ్ళు మాడుకు నూనె మానండి, కొసలకు రాసుకోవచ్చు. కీటోకొనజోల్ షాంపూ వారానికి రెండుసార్లు, నురుగు తలపైన మూడు నుంచి అయిదు నిమిషాలు ఉంచి కడగండి. నాలుగు వారాల్లో తేడా కనిపించకపోతే డాక్టరుకు చూపించండి. నిమ్మకాయ రుద్దుకుని ఎండలోకి మాత్రం వెళ్ళకండి, నుదుటి మీద చర్మం కమిలి బొబ్బలెక్కుతుంది. మెంతులు నానబెట్టి నూరి పెట్టుకుంటే జుట్టు మెత్తబడుతుంది, చుండ్రు పోదు. వేరుశెనగ, శెనగ పడనివాళ్ళకు మెంతులూ పడకపోవచ్చు, జాగ్రత్త.

*

ప్రశ్న: నాకు ముప్పై లోపే జుట్టు నెరిసింది. గోరింటాకులో ఉసిరి పొడి కలిపి ఇనుప మూకుడులో రాత్రంతా ఉంచుతున్నాను. ముద్ద నల్లగా అవుతుంది, జుట్టు మాత్రం నారింజరంగే. పది నిమిషాల్లో నల్లబడే గోరింటాకు పొడి ఉందట, వాడొచ్చా?

జవాబు: మూకుడులో నల్లబడేది ఉసిరిలోని టానిన్లు ఇనుముతో కలిసినందువల్ల. పూర్వం సిరా చేసిందీ ఇదే సూత్రంతో. ఆ నలుపులో చాలావరకు ముద్దలోనే ఉండి కడిగితే పోతుంది. గోరింటాకులోని లాసోన్ అనే రంగు మాత్రం వెంట్రుకలోని కెరటిన్ అనే మాంసకృత్తును పట్టుకుంటుంది, దాని రంగు నారింజే. నల్లగా కావాలంటే గోరింట కడిగేశాక నీలి ఆకు పొడిని నీళ్ళలో కలిపి, పావుగంట ఆగి వెంటనే పట్టించాలి. నిలవుంటే పనిచెయ్యదు.

పది నిమిషాల్లో నల్లబడేది ఒట్టి గోరింటాకు కాదమ్మా. అందులో పీపీడీ అనే రసాయన రంగు ఉంటుంది. అది పడనివాళ్ళకు కనురెప్పలు మూసుకుపోయేంతగా ముఖం వాస్తుంది. ఒకసారి పడకపోతే జన్మంతా పడదు. ఏ రంగైనా, ఏ ఆకైనా ముందు మోచేతి మడతలో చిటికెడు రాసి రెండు రోజులు చూడండి. రక్తకణాల్ని కాపాడే జీ6పీడీ అనే ఎంజైము పుట్టుకతోనే లోపించినవాళ్ళకు, పసిపిల్లలకు స్వచ్ఛమైన గోరింటాకు కూడా వద్దు. రక్తకణాలు చిట్లే ప్రమాదం ఉంది.

మీకు ముప్పై లోపే నెరిసిందని రాశారు కాబట్టి బీ12, థైరాయిడ్ చూపించుకోండి.

*

ప్రశ్న: సహజంగా ఉంటుందని వంటసోడాతో తల రుద్దుకుంటున్నాను. జుట్టు కొబ్బరిపీచులా అయింది. కుంకుడుకాయ కూడా ఇంతేనా?

జవాబు: ఇది మీరే తేల్చుకోవచ్చు, మా పిల్లలతో చేయించిన ప్రయోగమే. నాలుగు ఎర్ర మందారం రేకుల మీద వేణ్ణీళ్ళు పోసి రంగు దిగాక వడగట్టండి. ఆ రంగునీళ్ళు మూడు గిన్నెల్లో పోయండి. ఒకదాంట్లో నిమ్మరసం చుక్కలు వెయ్యండి, ముదురు గులాబీ రంగు వస్తుంది, అది ఆమ్లం. రెండోదాంట్లో వంటసోడా వెయ్యండి, ఆకుపచ్చకు తిరుగుతుంది, అది క్షారం. మూడోదాంట్లో కుంకుడు రసం పోయండి. నేను చేసినప్పుడు ఆకుపచ్చకు తిరగలేదు.

వెంట్రుక పైన చేప పొలుసుల్లా పేర్చిన పొర ఉంటుంది. కొద్దిగా ఆమ్లగుణం ఉంటే ఆ పొలుసులు అణిగి ఉంటాయి, క్షారం తగిలితే లేచి నిలబడి ఒకదానికొకటి చిక్కుకుంటాయి. మీ కొబ్బరిపీచు అదే. సోడా ఇవాళే మానండి. కుంకుడు రసం పల్చగా చేసి మాడుకు మాత్రం వాడండి, కళ్ళలో పడకుండా చూసుకోండి. తర్వాత పైన చెప్పిన మందారాకు నీళ్ళు పట్టించండి. లేచిన పొలుసుల మీద ఆ జిగురు పూతలా పరుచుకుంటుంది. ఇప్పటికే పాడైన కొసలు మాత్రం బాగుపడవు, వెంట్రుక ప్రాణం లేనిది. నెలకు సెంటీమీటరు చొప్పున కొత్తది వస్తుంది. కొసలు కొద్దికొద్దిగా కత్తిరించుకుంటూ రండి.

*

ప్రశ్న: మా కుండీలో మందారానికి కొమ్మ చివర్లు తెల్లగా బూజు పట్టినట్టున్నాయి, మొగ్గలు రాలిపోతున్నాయి. ఆ ఆకు తలకు వాడొచ్చా?

జవాబు: అది బూజు కాదు, పిండినల్లి. ఆకు రసం పీల్చేస్తుంది, మొగ్గ నిలవదు. ఎక్కువ పట్టిన కొమ్మలు కత్తిరించి దూరంగా పారెయ్యండి. మిగతావాటిని పాత పళ్ళ బ్రష్షుతో నీళ్ళ ధార కింద తోమి, వేపనూనె సబ్బునీళ్ళు వారానికొకసారి చల్లండి. చీమలు ఎక్కకుండా చూడండి, పిండినల్లిని మోసుకొచ్చి కాపాడేవి అవే. మొక్కను రోజుకు అయిదారు గంటల ఎండ తగిలే చోట పెట్టండి. కత్తిరించిన చోట కొత్త చిగుళ్ళు వస్తాయి, మొగ్గలు వేసేది ఆ కొత్త కొమ్మలే. పురుగుమందు కొట్టి ఉంటే పాత ఆకు తలకు వాడొద్దు. కొత్త ఆకు అరచేతంత అయ్యాక కోసుకోండి.